వైజాగ్‌లో కాన్వెంట్ చాపెల్ చూడాలనుకుంటే

రోడ్డు పక్కన ఉన్న చర్చికైతే ఎవరైనా వెళ్లొచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. కాన్వెంట్ లోపలి చాపెల్ సంగతి వేరు. అది సిస్టర్లు ఉండే ఇంట్లో పూజగది లాంటిది. చూస్తామని అడిగితే కాదనేవాళ్లు తక్కువే గానీ, చెప్పాపెట్టకుండా గేటు తోసుకుని వెళ్తే ఎవరికైనా చిరాకే.

కాబట్టి ముందు ఫోన్ చేయండి, లేదా గేటు దగ్గర వాచ్‌మన్‌తో లోపలికి కబురు పంపండి. పెద్ద మాటలేం అక్కర్లేదు. "సిస్టర్, చాపెల్ చూసి కాసేపు కూర్చుని వెళ్తామండి, ఎప్పుడు వస్తే మీకు ఇబ్బంది ఉండదు?" అంటే చాలు. పెద్ద సిస్టర్‌ని మదర్ అనడం మనవైపు అలవాటు. మీరు ఏ మతం అని సాధారణంగా అడగరు, అడిగినా ఉన్నమాట చెప్పేయండి. చాలా కాన్వెంట్లు స్కూలు, హాస్టల్ ఆవరణలోనే ఉంటాయి కాబట్టి గేటు దగ్గర పేరు రాయించుకుంటారు, ఆధార్ చూపించమన్నా చూపించండి. ఆడపిల్లలు ఉండే చోట ఆ మాత్రం జాగ్రత్త ఉండాల్సిందే.

వేళలు ఒక్కో చోట ఒక్కోలా ఉంటాయి. స్కూలు మొదలయ్యే టైము, వదిలే టైము మాత్రం వద్దు, ఆటోల మధ్య మీరూ నలిగిపోతారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక వాళ్లు కాస్త నడుం వాల్చే వేళ కూడా వద్దు. సాయంత్రం ప్రార్థనకి ఓ గంట ముందు వెళ్తే ప్రశాంతంగా ఉంటుంది. ఉండమంటే ప్రార్థన కూడా విని రావచ్చు, సిస్టర్లు రెండు వరుసలుగా కీర్తనలు ఒకరి తర్వాత ఒకరు చదువుతుంటే వినడానికి బాగుంటుంది.

ఎక్కడికి వెళ్లాలంటే, ఊళ్లో పాత క్యాథలిక్ వీధులన్నీ వన్ టౌన్, జ్ఞానాపురం చుట్టూనే. సెయింట్ ఫ్రాన్సిస్ డీ సేల్స్ సభ అనే సంఘానికి చెందిన ఫాదర్లు 1846లో ఇక్కడికి వచ్చారు. ఫ్రాన్స్‌లోని అనెసీ నుంచి సెయింట్ జోసెఫ్ సిస్టర్లు 1849లో యానాంలో అడుగుపెట్టి, తర్వాత విశాఖ వచ్చారు. జ్ఞానాపురంలో 1958లో మొదలైన సెయింట్ జోసెఫ్స్ మహిళా కళాశాల వాళ్లదే. ఈ చుట్టుపక్కల పాత ఆర్‌సీఎం (రోమన్ క్యాథలిక్ మిషన్) గుడి ఏది చూసినా ఆ కథ ఎక్కడో ఓ మూల తగులుతుంది.

అడగడానికి మొహమాటమైతే ముందు రాస్ హిల్‌తో మొదలుపెట్టండి. అది కాన్వెంట్ చాపెల్ కాదు, అందరూ వెళ్లే మరియమాత గుడి. 1864లో రాస్ అనే ఆయన ఆ కొండ మీద కట్టుకున్న ఇల్లే తర్వాత చాపెల్ అయింది. పోర్టు పక్కన మూడు కొండలు వరసగా ఉంటాయి కదా, ఒకదాని మీద ఈ గుడి, ఒకదాని మీద దర్గా, ఇంకోదాని మీద వెంకటేశ్వరస్వామి. ఓల్డ్ హెడ్ పోస్టాఫీసు బస్సెక్కి వన్ టౌన్‌లో దిగి ఎవరినడిగినా దారి చెబుతారు. పెద్ద ఎత్తేం కాదు గానీ మే నెలలో మన ఉక్కపోతకి చొక్కా తడిసిపోతుంది, పొద్దున్నే ఎక్కండి. పైనుంచి పోర్టు, లోపలికి వచ్చే ఓడలు, ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ కనబడతాయి. చాలామంది అక్కడే సెల్ఫీలు తీసుకుని గుడి లోపలికి ఓసారి తొంగిచూసి దిగిపోతారు, నాకైతే అది అర్థం కాదు.

ఇక లోపల. గుమ్మం బయట చెప్పులు కనబడితే మీవీ అక్కడే విడవండి. తలుపు పక్కన గోడకి చిన్న గిన్నెలో నీళ్లుంటాయి, అది తీర్థం అనుకుని తాగేయకండి, వాళ్లు వేలు ముంచి నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంటారు. ఆడవాళ్లు చాలామంది చీర చెంగో చున్నీయో తల మీదికి లాక్కుంటారు, మీరూ అలా చేస్తే బాగుంటుంది, చేయకపోయినా ఎవరూ ఏమనరు. గుళ్లలో అలవాటు కొద్దీ మనకి గర్భగుడి దాకా వెళ్లాలనిపిస్తుంది, ఇక్కడ మాత్రం ఫాదర్ పూజ చేసే పీఠం మెట్లు ఎక్కకూడదు, చుట్టూ ప్రదక్షిణా ఉండదు. కొవ్వొత్తి తెచ్చుకుంటే లోపల కాదు, బయట మరియమాత గుహ దగ్గర వెలిగించండి.

వెనక బెంచీలో కూర్చుని ఓ పది నిమిషాలు ఏమీ చేయకండి. కళ్లు ఆ వెలుతురుకి అలవాటుపడ్డాక ముందుగా ఎర్రటి చిన్న దీపం కనబడుతుంది. దాని దగ్గర్లోనే మందసం, అంటే దివ్యసత్ప్రసాదం (పూజలో క్రీస్తు శరీరంగా ఇచ్చే అప్పం) దాచే చిన్న పెట్టె ఉంటుంది. ఆ ప్రసాదం లోపల ఉన్నంతకాలం ఆ దీపం వెలుగుతూనే ఉంటుంది. గుడ్ ఫ్రైడే రోజు వెళ్తే మందసం ఖాళీగా, తలుపు తెరిచి ఉంటుంది, దీపమూ ఉండదు, ఆ రోజు పూజ (మాస్) కూడా చేయరు. ఈస్టర్‌కి ముందు వచ్చే ఉపవాసాల రోజులు, అంటే తపస్సుకాలం చివర్లో కొన్నిచోట్ల స్వరూపాలకి ఊదారంగు గుడ్డ కప్పేస్తారు, కాబట్టి విగ్రహాలు చూడాలనుకునేవాళ్లు ఈస్టర్ అయ్యాక వెళ్లండి. గోడల మీద సిలువమార్గం, అంటే యేసు సిలువ మోసుకెళ్లిన కథ బొమ్మలు, 14 స్థలాలుగా వరసగా ఉంటాయి, ఒకటో నంబరు దగ్గర మొదలుపెట్టి నెమ్మదిగా చూస్తూ వెళ్తే, చదవడం రాని పిల్లలకి కూడా కథంతా తెలిసిపోతుంది. విగ్రహాల్లో ఎవరు ఎవరో పోల్చుకోవడం కూడా సరదాగా ఉంటుంది: చేతిలో లిల్లీ పువ్వు, పక్కన వడ్రంగి పనిముట్లు ఉంటే జోజప్ప (మరియమాత భర్త యోసేపు), బాలయేసుని ఎత్తుకుని గోధుమరంగు అంగీలో ఉంటే అంతోనివారు (సెయింట్ ఆంథోని), గులాబీలూ సిలువా కలిపి పట్టుకుంటే చిన్న తెరేసమ్మ (ఫ్రాన్స్‌లోని లిజియు సెయింట్ తెరేసా). పాత చాపెల్ అయితే వెనక గోడకి ఆనించి ఎత్తైన పీఠం, దాని ముందు విడిగా ఇంకో బల్ల కనబడొచ్చు. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ సభ (ప్రపంచంలోని క్యాథలిక్ బిషప్పుల సమావేశం) తర్వాత ఫాదర్ జనం వైపు తిరిగి పూజ చేయడం మామూలైంది, పూజ కూడా లాటిన్ పోయి తెలుగులోకి వచ్చింది. అప్పుడు పెట్టిందే ఆ ముందు బల్ల.

పూజ జరుగుతుంటే ఉండొచ్చు. అందరూ లేస్తే లేవండి, మోకరిస్తే మీరు కూర్చోండి. దివ్యసత్ప్రసాదం మాత్రం మన ప్రసాదంలా అందరికీ పెట్టరు, తీసుకునే క్యాథలిక్కులే లైన్లో వెళ్తారు, మీరు బెంచీలోనే ఉండిపోండి, ఎవరూ తప్పుగా అనుకోరు. ఫోటోలు అడిగి తీయండి, ఫ్లాష్ వద్దు. ప్రార్థన చేసుకుంటున్న సిస్టర్లనీ హాస్టల్ పిల్లల్నీ అస్సలు తీయకండి. టికెట్ ఏమీ ఉండదు, ఇవ్వాలనిపిస్తే కానుకల పెట్టెలో వేయండి.

డిసెంబరు 8న నిష్కళంక మాత పండగ, ఆ రోజు రాస్ హిల్ అంతా జనమే. పండగ చూడాలంటే అప్పుడే వెళ్లండి, చాపెల్ చూడాలంటే ఇంకో రోజు పెట్టుకోండి. పైగా ఆ రోజుల్లోనే మార్గశిరం కూడా పడితే, గురువారాల్లో బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర ఇసకేస్తే రాలనంత రద్దీ. గురువారం అయితే బండి దూరంగా పెట్టేసి నడిచి రండి.