లేత్ డయల్ మార్చే ముందు

హైదరాబాద్ బాలానగర్‌లో గానీ, విజయవాడ ఆటోనగర్‌లో గానీ పాత లేత్‌లు ఇంకా బాగానే నడుస్తున్నాయి. క్రాస్ స్లైడ్ అంటే టూల్‌ను జాబ్ (చెక్కే లోహపు ముక్క) వైపు అడ్డంగా జరిపే భాగం. అది ఎంత జరిగిందో చూపే, హ్యాండిల్ దగ్గరి గీతల చక్రమే డయల్. గీతలు అరిగిపోయిన ఆ డయల్‌తోనే అసలు ఇబ్బంది. పెద్ద డయల్ వేసుకుంటే కంటికి సుఖం. 35 మి.మీ. వ్యాసం ఉన్న డయల్ మీద 160 గీతలు గీస్తే వాటి మధ్య 0.7 మి.మీ. ఎడం కూడా ఉండదు. 60 మి.మీ. డయల్ మీద సుమారు 1.2 మి.మీ. వస్తుంది.

అయితే డయల్ ఎంత బాగున్నా క్రాస్ స్లైడ్‌ను జరిపే లోపలి స్క్రూ అరుగుదల పోదు. ఏదీ విప్పకముందే మ్యాగ్నెటిక్ స్టాండ్‌తో డయల్ గేజ్‌ను (కదలికను కొలిచే పరికరం) సాడిల్ మీద, అంటే క్రాస్ స్లైడ్‌ను మోసే భాగం మీద నిలబెట్టి, దాని కొన క్రాస్ స్లైడ్‌కి తగిలేలా పెట్టండి. 4 మి.మీ. పిచ్ (పక్కపక్క మరల మధ్య దూరం) ఉన్న స్క్రూ అయితే ఒక చుట్టుకు 4 మి.మీ. కదలాలి. ముందు, మధ్య, చివర మూడు చోట్లా చూడండి. ఎక్కువ పని జరిగే చోట తేడా వస్తే ముందు స్క్రూ, నట్ సంగతి తేల్చండి. కొత్త డయల్ బ్యాక్‌లాష్‌నూ (తిప్పే దిశ మార్చినప్పుడు స్లైడ్ కదలకుండా హ్యాండిల్ కాస్త ఖాళీగా తిరగడం) తగ్గించదు. గీత దాటితే అర చుట్టు వెనక్కి తిప్పి, మళ్లీ ముందు వైపు నుంచే గీతకు రావాలి.

కొత్త డయల్‌ను అదే మిషన్ మీద చేసుకునేటట్టయితే, అది పూర్తయ్యేదాకా పాతది విప్పొద్దు. గీతలు గీసేటప్పుడు స్పిండిల్‌ను (జాబ్‌ను తిప్పే షాఫ్ట్) ఒక్కో గీతకు కదలకుండా గేర్ పళ్ల దగ్గర లాక్ చేస్తాం కదా, ఆ సమయంలో పొరపాటున స్టార్ట్ బటన్ తగిలితే పళ్లు విరుగుతాయి, చెయ్యి నలుగుతుంది. స్టాప్ నొక్కితే చాలదు, మెయిన్ స్విచ్ ఆపాల్సిందే. గీతల అంచుల్లో లేచిన బర్ (పదునైన లోహపు అంచు) బ్లేడులా కోస్తుంది. దాన్ని తీయడానికి తిరిగే జాబ్‌కి ఎమరీ గుడ్డను వేళ్లకు చుట్టుకుని పట్టొద్దు. గ్లౌజులూ వద్దు.

నాకు అన్నిటికంటే భయం వ్యాసార్థం, వ్యాసం తికమక. డయల్ టూల్ కదలికను చూపిస్తుందా, జాబ్ వ్యాసంలో తగ్గేదాన్ని చూపిస్తుందా? వ్యాసం లెక్కకు అలవాటు పడ్డ టర్నర్ వ్యాసార్థం డయల్ మీద 1 మి.మీ. తిప్పితే జాబ్ 2 మి.మీ. సన్నబడుతుంది. ఆ జాబ్ తుక్కే. టూల్, దాని చివర బిగించే ఇన్సర్ట్ ముక్క కూడా విరిగి ఎగరొచ్చు. అందుకే ఏ లెక్కో డయల్ మీదే పంచ్ కొట్టండి. షాపులో మిగతా మిషన్లు ఏ లెక్కలో ఉంటే ఇదీ అదే లెక్కలో ఉండాలి. షిఫ్ట్ మారేటప్పుడు తర్వాత వచ్చే వాళ్లకు నోటితో కూడా చెప్పండి.

బిగించాక జీరో రింగ్ (డయల్‌ను సున్నా దగ్గరకు తిప్పుకునే రింగ్) చూడండి. వదులైతే వైబ్రేషన్‌కి తనంతట తనే జారుతుంది. మరీ బిగువైతే జీరో పెట్టేటప్పుడు హ్యాండిలే కదిలిపోతుంది. గ్రబ్ స్క్రూ (తల లేని చిన్న స్క్రూ) కింద చిన్న ఇత్తడి ముక్క వేస్తే షాఫ్ట్ మీద గాట్లు పడవు. హ్యాండిల్ తిప్పినప్పుడు వేళ్లు పెద్ద డయల్‌కి రాసుకోకుండా ఖాళీ ఉందో లేదో చూసుకోండి.

పార్టీ (కస్టమర్) జాబ్ మీద ప్రయోగం వద్దు. తుక్కు కడ్డీ మీద ఒక కోత వేసి మైక్రోమీటర్‌తో కొలవండి. తర్వాత వ్యాసం 0.2 మి.మీ. తగ్గేలా డయల్ తిప్పి, ఇంకో కోత వేసి, మళ్లీ కొలవండి. రెండు కొలతల తేడా డయల్ చెప్పినదానితో కలిస్తే మిషన్ పనికి ఇవ్వొచ్చు.