పెరటి రంగులు, మూడో పాఠం: బంతి

బతుకమ్మ పేర్చేటప్పుడు గునుగు పూలను రంగునీళ్లలో ముంచి ఆరబెడతాం. బంతికి ఆ అవసరం లేదు. తన రంగు తనకుంది, నూలుకు కూడా పంచుతుంది. పెరట్లో రంగు మొక్కలు వేద్దామనుకునేవారు బంతితోనే మొదలుపెట్టాలని నేను పట్టుబట్టేది అందుకే.

విత్తనానికి నిరుడు దాచిన ఎండు పువ్వు ఒకటి చాలు. తొడిమను చీల్చితే సన్నని పుల్లల్లాంటి విత్తులు కట్టగా బయటపడతాయి. ఒక కొన నలుపు, రెండో కొన ఎండుగడ్డి రంగు. నలుపు లేకుండా పాలిపోయినవి తాలు, పారేయండి. హైబ్రిడ్ పూల విత్తనం దాచుకోవద్దు, మరుసటి ఏడాది అదే పువ్వు రాదు.

జూన్ చివర నారు పోస్తే దసరాకు పూలు చేతికొస్తాయి. నెలలోపు నారు తీసి, మూరెడు ఎడంగా నాటండి. ఎర్రనేలలో ఇబ్బంది లేదు. నల్లరేగడి అయితే ఎత్తు మడి కట్టండి, నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.

నాటిన నెలకు నడితల చిగురు తుంచాలి. చాలామందికి చేయి రాదు. మొదటి ఏడాది నాకూ రాలేదు. మొక్కలు నిటారుగా పెరిగి, పట్టుమని పది పూలైనా పూయకుండానే వానగాలికి ఒరిగిపోయాయి. తుంచిన మొక్క పక్కకొమ్మలు వేసి గుబురవుతుంది, ప్రతి కొమ్మకూ పూలే.

పూలను నీడలో ఎండబెట్టి రేకులు మాత్రమే దూసుకోండి. పచ్చని తొడిమ కలిస్తే రంగు మసకబారుతుంది. పండుగ వెళ్లాక గుమ్మం నుంచి దించిన దండలైనా పనికొస్తాయి.

ఇక అద్దకం. గత పాఠంలో 100 గ్రాముల నూలును 20 గ్రాముల కరక్కాయ పొడి నీటిలో, తర్వాత 15 గ్రాముల పటిక నీటిలో నానబెట్టాం. ఆ చిలపనే (నూలు చుట్టనే) తీసుకోండి. వరంగల్ కొత్తవాడ జంపఖానాలకు వాడేలాంటి లావు నూలైతే చేయి తిరగడానికి మంచిది. వంటకు మళ్లీ వాడని స్టీలు గిన్నెలో 100 గ్రాముల ఎండు రేకులను మూడు లీటర్ల నీటితో సన్నసెగపై ముప్పావుగంట కాచి వడకట్టండి. కుతకుత ఉడకనివ్వకండి. కషాయం టీ డికాషన్‌లా కనిపిస్తుంది. పసుపు ఏదీ అని బెంగపడకండి. తడి చిలపను ముంచి, కర్రతో ఎత్తి చూస్తే, కారే నీళ్లు గోధుమ రంగులోనే ఉంటాయి, దారం మాత్రం పసుపుపచ్చగా మెరుస్తుంది. పటిక చేసే పని అది. ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరదు.

సన్నసెగపై మరో ముప్పావుగంట తిప్పుతూ ఉంచి, ఆ నీటిలోనే చల్లారనివ్వండి. మర్నాడు పిండి, నీడలో ఆరేయండి. వారం తర్వాత కుంకుడు రసంతో ఉతకండి. మొదట కొంచెం రంగు దిగుతుంది, అది నూలుకు పట్టని మిగులు.

ఇంకో చిలప ఉంటే, అద్దాక రెండు గ్రాముల అన్నభేది (ఇనుప లవణం) కరిగించిన నీటిలో ఐదు నిమిషాలు ముంచండి. పసుపు కళ్లముందే ముదురు ఆలివ్ ఆకుపచ్చకు తిరుగుతుంది. కొలత మించితే నూలు పెళుసవుతుంది. రెండు చిలపల నుంచీ జానెడు దారం తెంచి, తేదీ రాసి పుస్తకంలో అతికించండి. నాలుగో పాఠం నీలికి ఆ పేజీ ఎదురుగా ఉండాలి.