మధ్యయుగపు చెక్క చట్రం ఇంట్లో గోడ బయటికి వాలుతోందా? ముందు అడ్డదూలం చూడండి

సమస్య: పై గది గోడ తల భాగం బయటికి తోసుకుపోయింది. గోడకూ సీలింగ్‌కూ మధ్య పొడుగునా బీట పడింది. తలుపు పట్టేస్తోంది. వీధిలోంచి చూస్తే కప్పు నడుము కాస్త కుంగినట్టు కనిపిస్తోంది.

ఇంగ్లండ్‌లో కెంట్, ససెక్స్ వైపు 15వ శతాబ్దపు ఇల్లు కొన్నవాళ్లు ఈ లక్షణాలు చెప్పగానే, ఎవరో ఒకరు పునాది పోయిందంటారు, అండర్‌పిన్నింగ్ (పునాది కింద తవ్వి బలపరచడం) చేయించమంటారు. గొయ్యి తవ్వించే ముందు దయచేసి టార్చి పట్టుకుని ఒక్కసారి అటక ఎక్కండి. ఖర్చులేని పని. అయినా దాదాపు అందరూ దాన్నే వదిలేస్తారు.

అంతకంటే ముందు ఆ వాలు పాతదా, ఇప్పటికీ జరుగుతోందా అన్నది తేల్చుకోండి. ఈ ఇళ్లను పచ్చి ఓక్ కర్రతో కట్టారు. అది గోడలో ఉండగానే ఆరింది, మెలితిరిగింది. నేల వాలుకు సరిపడా తలుపు అడుగును ఏటవాలుగా కోసి, ఆ కోత మీద పాత రంగు పొరలు ఉన్నాయంటే ఆ వంపు ఎప్పుడో ఆగిపోయింది. చిమ్నీ దగ్గర నేల ఎత్తుగా, గోడల వైపు పల్లంగా ఉన్నా టెన్షన్ పడక్కర్లేదు. చిమ్నీ తర్వాతి కాలంలో వచ్చిన ఇటుక దిమ్మ, అది నిలబడింది, చుట్టూ ఉన్న చెక్క కుంగింది. బీట అంచులు తాజాగా, మురికి పట్టకుండా ఉంటేనే ఇప్పటి కదలిక అని అనుమానించాలి.

తర్వాత చూరు దగ్గర నుంచి తూకం గుండు వదలండి, రెండు పక్కలా. స్తంభం అడుగు కదలకుండా తల మాత్రమే బయటికి పోయి, ఎదుటి గోడ కూడా తన పక్కకు బయటికే పోతే కప్పు విచ్చుకుంటోంది. రెండు గోడలూ ఒకే దిక్కుకు ఒరిగితే చట్రం పక్కకు వాలుతోంది. అప్పుడు చట్రం వాలకుండా ఆపే ఏటవాలు కర్రలు ఎక్కడ తీసేశారో వెతకండి, కిటికీ పెద్దది చేసినచోట మొదలుపెడితే చాలు. స్తంభం మొత్తంగా కిందికి దిగితేనే నేల సంగతి, అడుగు దూలం (స్తంభాల కింద నేల పొడుగునా పడుకున్న దూలం) సంగతి.

కప్పు విచ్చుకుంటున్న కేసే నన్ను ఎక్కువగా ఏడిపించింది. కారణం అడ్డదూలం. ఎదురెదురు స్తంభాల తలలను కలుపుతూ ఇంటికి అడ్డంగా పడే దూలం అది. చాలామంది అది కప్పు బరువు మోస్తుందనుకుంటారు. దాని అసలు పని లాగి పట్టుకోవడం. వాసాలు రెండు గోడలనూ బయటికి తోస్తుంటాయి, ఈ దూలం వాటిని లోపలికి పట్టి ఉంచుతుంది. రెండు కాళ్ల నిచ్చెనకు మధ్యలో కట్టిన తాడు లాంటిది. తాడు తెగితే కాళ్లు జారతాయి.

దాన్ని ఎవరు కోస్తారంటారా? ఇంటివాళ్లే. ఈ ఇళ్లలో నడిమి హాలు మొదట కప్పు దాకా ఖాళీగా ఉండేది. నేల మధ్యలో పొయ్యి, పొగ పైకి పోయేది. అటకలో వాసాలు మసితో నల్లగా కనిపిస్తే అది ఆ రోజులదే. 16, 17 శతాబ్దాల్లో చిమ్నీలు కట్టాక హాలు మధ్యలో కొత్త అంతస్తు వేశారు. అప్పటిదాకా తలకు ఎంతో ఎత్తున ఉన్న అడ్డదూలం పై గదుల్లో నడిచే దారికి అడ్డమొచ్చింది. ఒంగి దూరలేక కొందరు మధ్యలో రంపం పెట్టి తలుపు నిలబెట్టారు. దూలం అసలు ఎంత ఎత్తులో ఉండేదో కళ్లారా చూడాలంటే వెస్ట్ ససెక్స్‌లో సింగిల్టన్ దగ్గరున్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంకి వెళ్లి, అక్కడున్న బేలీఫ్ అనే పాత ఇంటి హాల్లో నిలబడి తలెత్తండి.

కోసిన వెంటనే ఏమీ కాదు. చెక్క మేకులు, మధ్య గోడలు, కొత్త అంతస్తు దూలాలు కలిసి కప్పును పట్టుకుంటాయి. ఆ తర్వాత ఎవరో గది పెద్దగా ఉండాలని ఒక మధ్యగోడ తీస్తారు, లేదా గడ్డి కప్పు తీసి పెంకులు వేస్తారు. అప్పుడు కదలిక మొదలవుతుంది. అందుకే ఎవరూ ఆ పాత కోతను అనుమానించరు.

ఇది దొరక్కపోవడానికి ఇంకో కారణం ఉంది. దూలం కొసలు రెండూ గోడల్లో అలాగే ఉంటాయి. ఈ గదిలోంచి చూస్తే దూలం ఉంది, ఆ గదిలోంచి చూసినా ఉంది. మధ్యలో తలుపు చట్రం ఉంటుంది. అటకలో లెక్కపెట్టి "అన్నీ ఉన్నాయి" అని దిగొస్తారు. లెక్కపెడితే సరిపోదు, ఒక్కో దూలం మీద ఈ గోడ నుంచి ఆ గోడ దాకా చెయ్యి పెట్టి నడవండి. వేలితో కొట్టండి. కొన్ని ఇళ్లలో కోసిన ఖాళీకి పలకలతో పెట్టె కట్టి నల్లరంగు వేసేశారు, కొడితే బోలుగా మోగుతుంది. తలుపు పక్క పట్టీ ఒకటి ఊడదీయిస్తే దూలం తెగిన ముఖం బయటపడుతుంది.

ఆ ముఖాన్ని జాగ్రత్తగా చూడండి. తెగిన ప్రతి దూలమూ తప్పు కాదు. తలుపు కోసమే మొదటి నుంచీ మధ్యలో ఆపి కట్టిన దూలాలూ ఉన్నాయి. వాటిలో కొస సన్నం చేసి పక్కన నిలువు కర్రలో దూర్చి చెక్క మేకు కొట్టి ఉంటారు, ఆ నిలువు కర్ర కింద అంతస్తు దూలంలో గట్టిగా కూర్చుంటుంది. అది వడ్రంగి ఆలోచించి చేసిన పని, దాన్ని కదపకండి. కొస మీద ఉత్త రంపపు గీతలే ఉండి, దేనికీ బిగించకుండా గాల్లో ఆగిపోయి ఉంటేనే మీ జబ్బు అది.

పరిష్కారం: ముందు వాసాల కింద ఆనింపులు, రెండు గోడల మధ్య టర్న్‌బకిల్‌తో (తిప్పితే తీగ బిగిసే మర) తాత్కాలిక తీగ. బిగించడం అది ఇంకా జారకుండా ఆపేంత వరకే. గోడను జాకీతో నిటారుగా లాగాలని చూడకండి, వందల ఏళ్లుగా ఒదిగిన అతుకులు చిట్లిపోతాయి. తలుపు పక్కకు జరిపే వీలుంటే కొత్త ఓక్ ముక్క అతికి దూలాన్ని మళ్లీ ఒకటి చేయడమే మేలు. వీల్లేకపోతే తలుపు చుట్టూ యూ ఆకారంలో స్టీల్ చట్రం పెట్టి, ఒక కొస నుంచి గడప కిందుగా రెండో కొసకు లాగుడు చేరేలా బిగిస్తారు. స్టెయిన్‌లెస్ స్టీలే అడగండి. ఓక్‌లోని ఆమ్లం, తడి కలిస్తే మామూలు ఇనుమును తినేస్తాయి. లెక్కలు కన్సర్వేషన్ (పాత కట్టడాల పరిరక్షణ) ఇంజినీర్ల అక్రెడిటేషన్ రిజిస్టర్‌లో ఉన్న ఇంజినీర్ చేత వేయించండి.

ఇల్లు లిస్టెడ్ అయితే, అంటే రక్షిత కట్టడాల జాబితాలో ఉంటే (ఇలాంటివి ఎక్కువగా అవే), లిస్టెడ్ బిల్డింగ్ కన్సెంట్ అనే అనుమతి లేకుండా మేకు కూడా కొట్టించకండి. ఇంటి స్వరూపాన్ని మార్చే పని అనుమతి లేకుండా చేయిస్తే 1990 చట్టం ప్రకారం నేరం. పాత యజమాని అనుమతి లేకుండా చేసిన పనికి కూడా ఎన్‌ఫోర్స్‌మెంట్ నోటీసు ఇప్పటి యజమానికే వస్తుంది.

మిగతావి క్లుప్తంగా. అడుగు దూలం కుళ్లితే బయట నేల మట్టం పెరిగిందో, సిమెంట్ గార తడిని లోపల బంధించిందో చూడండి. గార తీసి సున్నం వేయించండి. డెత్‌వాచ్ బీటిల్ (కర్రను తొలిచే పురుగు) రంధ్రాలు కనిపిస్తే మందు కొట్టించే ముందు గట్టర్ బాగుచేయించండి, దానికి తడిసిన ఓక్ కర్రే ఇష్టం. వీల్డ్ (కెంట్, ససెక్స్ ప్రాంతం) బంకమట్టిలో పెద్ద చెట్టు వల్ల పునాది నిజంగా కుంగడం ఉంది, అప్పుడు స్తంభం అడుగే దిగుతుంది.

దూలం పని అయ్యాక బీట మీద దాని వెడల్పు కొలిచే గేజ్ అతికించి నాలుగు కాలాలూ గడవనివ్వండి. చలికీ ఎండకీ చెక్క కాస్త ఆడుతుంది, అది మామూలే. ఏడాది తిరిగి అదే కాలానికి అంకె అక్కడికే వచ్చిందంటే బీట సున్నంతో పూడ్పించి గదికి రంగు వేయించుకోండి.