గులాబీ లోయకు వెళ్తే అలారం నాలుగింటికి పెట్టుకోండి

బల్గేరియాలో గులాబీ తోటలు ఎలా చూడాలని ఈ మధ్య నలుగురైదుగురు అడిగారు. ఒక్కొక్కరికీ చెప్పే ఓపిక లేక ఒకేసారి రాస్తున్నాను.

నేను రెండుసార్లు వెళ్ళాను. మొదటిసారి డబ్బులు తగలేశాను. ఒక ఏజెంటు "గులాబీల టూర్" అని జూన్ మూడో వారంలో అంటగట్టాడు. వెళ్ళి చూస్తే కంటికి ఆనినంత మేరా పచ్చటి పొదలు, అక్కడక్కడా వాడి వేలాడుతున్న పువ్వు. "పువ్వులేవీ?" అంటే డ్రైవరు పక్క చేలో అప్పుడే రంగు తిరుగుతున్న లావెండర్ చూపించాడు. రెండోసారి మా నాన్నను తీసుకెళ్ళాను. నాన్న నలభై ఏళ్ళు కడియపులంక నర్సరీల్లో గులాబీలకు అంటుకట్టిన మనిషి. కింద రాసిన దాంట్లో సగం ఆయన కళ్ళతో చూసిందే.

ముందు తేదీల సంగతి. ఇక్కడ పూసేది డమాస్క్ గులాబీ, నూనె తీసే రకం. మన నర్సరీ గులాబీల్లా ఏడాది పొడుగునా పూయదు. ఏడాదికి ఒక్కసారే, మే నడిమి నుంచి జూన్ మొదటి వారం దాకా, మహా అయితే ఇంకో వారం. ఎండలు ముందే ముదిరితే అంతా ముందుకు జరుగుతుంది. కజాన్లక్ ఊళ్ళో గులాబీల పండుగ జూన్ మొదటి శని, ఆదివారాల్లో. 1903 నుంచి చేస్తున్నారు. గులాబీ రాణి, ఊరేగింపు, చేతులు పట్టుకుని వలయంగా ఆడే హోరో, అన్నీ బాగుంటాయి. కాకపోతే అప్పటికి కొన్నేళ్ళలో కోత చివరికొచ్చేస్తుంది, హోటల్ గదులు దొరకవు, దొరికినా రేట్లు మండిపోతాయి. నన్నడిగితే మే ఆఖరి వారంలో, పనిదినాల్లో వెళ్ళండి. పండుగ కూడా కావాలనుకుంటే అక్కడే నాలుగు రోజులు ఉండిపోండి.

ప్రయాణం పెద్ద కష్టమేం కాదు. 2025 జనవరి నుంచి బల్గేరియా పూర్తిగా షెంగెన్ అనే యూరప్ ఉమ్మడి వీసా ప్రాంతంలో ఉంది కాబట్టి షెంగెన్ వీసా చాలు. 2026 జనవరి 1 నుంచి డబ్బు కూడా యూరోనే. పాత లెవాల లెక్కతో రాసిన సలహాలు ఇంకా తిరుగుతున్నాయి, పట్టించుకోకండి. రాజధాని సోఫియా నుంచి బుర్గాస్ వెళ్ళే రైళ్ళలో కొన్ని కార్లోవో, కజాన్లక్ మీదుగా పోతాయి. ఎడమ చేతి కిటికీ పట్టుకోండి. ఉత్తరాన స్తారా ప్లానినా కొండలు గోడలా వెంట వస్తాయి. దక్షిణాన స్రెద్నా గోరా. ఈ రెంటి మధ్య సందే గులాబీ లోయ. స్టేషన్ పేర్లు సిరిలిక్ లిపిలో ఉంటాయి. ముందురోజు రాత్రి అరగంట కూర్చుంటే అక్షరాలు కూడబలుక్కోవచ్చు. యాభై ఆరు అక్షరాలు దిద్దుకున్నవాళ్ళం, ముప్ఫై అక్షరాలకు భయపడతామా!

ఇక అసలు విషయం. ఈ యాత్ర మొత్తాన్ని ఒకే ఒక్క గడియారపు లెక్కతో అల్లుకోవాలి: తెల్లవారుజామున ఐదింటికి చేలో ఉండాలి. పువ్వు రేకుల్లోని నూనె ఎండ తగిలేకొద్దీ గాల్లో కలిసిపోతుంది. అందుకే వెలుగు రాగానే మొదలుపెట్టి, పదింటిలోపు కోత ముగిస్తారు. గదులు అద్దెకిచ్చేవాళ్ళూ, పువ్వు ఉడికించి నూనె తీసే బట్టీలవాళ్ళూ సీజన్లో అతిథులను చేలకు తీసుకెళ్తారు. బుక్ చేసుకునే ముందు ఒకే ప్రశ్న అడగండి: "ఎన్నింటికి మొదలుపెడతారు?" ఐదు, ఐదున్నర అంటే అది కోత. తొమ్మిదిన్నర అంటే అది ఫొటోల కార్యక్రమం. బుట్ట చేతికిచ్చి, తలకు పూలదండ పెట్టి, పాట పాడి పంపిస్తారు. అదీ సరదాయే అనుకోండి, కానీ దానికోసం అంతదూరం పోనక్కర్లేదు.

మేలో కూడా ఆ వేళకు చలి ఉంటుంది. పొడుగు చేతుల పాత చొక్కా వేసుకోండి, ముళ్ళు సన్నవే గానీ లెక్కలేనన్ని. మంచుకు మోకాళ్ళ దాకా తడిసిపోతుంది. కాన్వాస్ బూట్లు వేసుకున్న నేను రోజంతా పచపచలాడుతూ తిరిగాను.

కోయడానికి కత్తెర ఉండదు. పువ్వును అరచేతిలోకి తీసుకుని, రేకుల కింద ఉన్న ఆకుపచ్చ బుడిపెను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఇరికించి ఒక్క మెలిక తిప్పితే 'టక్' మని ఊడొస్తుంది. తొడిమ పొదకే ఉండిపోవాలి. పూర్తిగా విచ్చినవీ, సగం విచ్చినవీ కోస్తారు, మొగ్గ రేపటికి. నడుముకు కట్టుకున్న ఏప్రాన్ జేబు నిండగానే గోనెలో కుమ్మరిస్తారు. కూలి కిలోల లెక్కన. నేను గంటన్నరలో తుడిచిపెట్టి రెండు కిలోలు కోస్తే నా పక్క వరసలో ఉన్న ఆవిడ గోనె మూతి కట్టేస్తోంది. నాన్న మాత్రం కోయడం మానేసి తొడిమ తడుముతున్నాడు. "చూడమ్మాయ్, నూగు ఎంత జిగురుగా ఉందో. సువాసన వేళ్ళకి పట్టేస్తోంది," అని. నిజమే, సబ్బుతో కడిగినా మధ్యాహ్నం దాకా పోలేదు.

కోసేవాళ్ళలో రోమా అనే జాతి కుటుంబాలు చాలా ఉంటాయి. ఒక ముసలాయన సీసా ఎత్తి "పానీ" అన్నాడు. నాన్న ఉలిక్కిపడి నావైపు చూశాడు. వాళ్ళ భాష వందల ఏళ్ళ కిందట మన దేశం నుంచి వెళ్ళినదే.

ఇంకో జాగ్రత్త. అక్కడ తల నిలువుగా ఊపితే వద్దని, అడ్డంగా ఊపితే సరేనని. పొద్దున్నే ఒకావిడ ఫ్లాస్కు చూపించి కాఫీ కావాలా అని సైగ చేసింది. నాన్న సంతోషంగా తల పైకీ కిందకీ ఊపాడు. ఆవిడ ఫ్లాస్కు మూసేసి వెళ్ళిపోయింది. నోటితో చెప్పడం మంచిది: "డా" అంటే అవును, "నె" అంటే కాదు.

తోటను తోటగా చూడాలనుకునేవాళ్ళకు ఒక మాట. వరసల మధ్య ట్రాక్టరు పట్టేంత ఎడం ఉంటుంది. పాత పద్ధతిలో ఇక్కడ అంటుకట్టరు. ముదురు కొమ్మలు నరికి, శీతాకాలం ముందు గాడి తీసి, అందులో అడ్డంగా పడుకోబెట్టి మట్టి కప్పేస్తారు. "ఇది చెరకు ముచ్చెల వరసే గదే!" అన్నాడు నాన్న. అంతే మరి. వసంతానికి మొలకలు లేచి వరసంతా ఒకే కంచెలా అల్లుకుంటుంది. మూడో ఏటికి చెప్పుకోదగ్గ పంట వస్తుంది. ముసలిదైతే మొదలంటా నరికి మళ్ళీ చిగురు తెప్పిస్తారు.

గోనెలు చేలోంచి నేరుగా బట్టీకి పోతాయి. మీరూ వాటి వెంటే పోండి. ఆ రోజు పువ్వు ఆ రోజే ఉడకాలి. కజాన్లక్ పేరులోని 'కజాన్' తుర్కీ మాట, పెద్ద డేగిసా అని అర్థం. తర్నిచెనె గ్రామంలో 1909 నాటి ఎన్యో బోన్చెవ్ బట్టీ ఉంది. స్కోబెలెవోలో దమాస్కేనా అనే బట్టీవాళ్ళ ప్రదర్శనశాల ఉంది. పాత రాగి పాత్ర, కింద కట్టెల మంట, మూతి నుంచి చల్లనీళ్ళ పీపాలోకి దిగే గొట్టం చూడగానే నాన్న నా చెవిలో, "ఇది మన సారా బట్టీయే!" అన్నాడు. ఆ మాట తప్పేమీ కాదు. అక్కడివాళ్ళు పళ్ళతో రకియా అనే సారా తీసేదీ ఇలాంటి కజానులోనే. తేడా ఏంటంటే గులాబీని రెండుసార్లు కాస్తారు. మొదటిసారి దిగిన నీళ్ళలోనే నూనె చాలా భాగం కరిగి ఉంటుంది. ఆ నీళ్ళను మళ్ళీ కాస్తే అప్పుడు పసుపుపచ్చగా పైకి తేలుతుంది. కిలో నూనెకు మూడు నుంచి మూడున్నర టన్నుల పువ్వు. ఒక్కో పువ్వు రెండు మూడు గ్రాములు, అంటే పది లక్షల పువ్వుల పైమాటే. మా రెండు కిలోలకు ఎంతొస్తుందని అడిగితే అక్కడి కుర్రాడు వేలి కొస మీద గోరంత చూపించాడు.

కొనేటప్పుడు జాగ్రత్త. రంగులేసిన చెక్క గొట్టాల్లో నాలుగైదు యూరోలకు అమ్మేది సెంటు, నూనె కాదు. అసలుది కిలో వేల యూరోలు, అరగ్రాము, గ్రాము సీసాల్లో ఇస్తారు. బట్టీలోనే, 'బల్గార్‌స్కో రోజొవో మస్లో' అన్న పేరు చూసి కొనండి. ఆ పేరుకు 2014 నుంచి యూరప్‌లో భౌగోళిక గుర్తింపు ఉంది. ఇంటికొచ్చాక ఫ్రిజ్‌లో పెడితే అసలు నూనె గడ్డకడుతుంది, గుప్పిట్లో పట్టుకుంటే కరుగుతుంది. ఇది తేలిపోయే మోసాలనే పట్టిస్తుంది, తెలివైన కల్తీని పట్టివ్వదు. ఆ కల్తీకి మనమూ సాయపడ్డాం. 19వ శతాబ్దంలో బొంబాయి రేవు నుంచి ఇస్తాంబుల్‌కు పోయిన పామరోజా గడ్డి నూనెను గులాబీ నూనెలో కలిపేవారు. నా సలహా, నూనె ఒక చిన్న సీసా, మిగతా డబ్బుకి పన్నీరు. మన పెళ్ళిళ్ళలో బుడ్డితో చల్లే పన్నీరే, కాకపోతే ఎసెన్సు కలపనిది. లేబుల్ మీద 'రోజా డమాస్కేనా' పువ్వు నీరు తప్ప ఇంకో పేరు ఉండకూడదు. రేకుల జామ్ కూడా తెచ్చుకోండి, గుల్కందుకు చెల్లెలు.

పదింటికల్లా కోత అయిపోతుంది కాబట్టి మిగతా రోజంతా మీదే. ముందు కాస్త పడుకోండి. తర్వాత థ్రేసియన్ సమాధి, అంటే ఈ ప్రాంతపు ప్రాచీన జాతివాళ్ళది. 1944లో సైనికులు గుంట తవ్వుతుంటే బయటపడింది. క్రీస్తుపూర్వం 4వ శతాబ్దపుది, 1979లో యునెస్కో జాబితాలో చేరింది. పక్కనే ఉన్న నకలుకు టికెట్ తీసుకోండి, చిన్నబుచ్చుకోవద్దు. సన్నటి నడవలో వంగి లోపలికెళ్తే తేనెపట్టులా పైకి మూసుకుపోయే ఇటుక గది. తలెత్తితే భోజనాల బల్ల ముందు భర్త, ఎదురుగా కుర్చీలో భార్య. ఆమె తల వాల్చుకుంది. అతను ఆమె ముంజేతిని పట్టుకున్నాడు. గట్టిగా లాగినట్టు కాదు, వదల్లేక పట్టుకున్నట్టు. చుట్టూ గుర్రాలు, బూర ఊదేవాళ్ళు, ఏదీ నాకు గుర్తులేదు, ఆ రెండు చేతులే. అమ్మ పోయిన ఏడాదికి వెళ్ళాం. నాన్న అక్కడ చాలాసేపు నిలబడ్డాడు.

ఊరి బయట గొల్యామా కొస్మాట్కా దిబ్బలో మూడవ సెవ్థెస్ అనే థ్రేసియన్ రాజు సమాధి ఉంది. 2004లో గియోర్గి కితోవ్ బృందం తవ్వింది. వాకిలి ముందు పాతిపెట్టిన రాజుగారి కంచు తల దొరికింది, అసలుది సోఫియా పురావస్తు మ్యూజియంలో చూడొచ్చు. ఆయన రాజధాని సెవ్థోపోలిస్ మాత్రం కొప్రింకా జలాశయం అడుగున ఉంది. ఊళ్ళో గులాబీ మ్యూజియంలో నూనె ఎగుమతి చేసిన కొంకుమలనే పాత పాత్రలు చూడండి, కళాయి పూసిన రాగివి. షిప్కా కనుమ మీది స్మారకానికి దాదాపు 900 మెట్లు. 1877లో తుర్కులతో జరిగిన యుద్ధానికి గుర్తు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు కింద బంగారు గుమ్మటాల చర్చి చూసి తృప్తిపడొచ్చు, మేమదే చేశాం.

తిండికి ఇబ్బంది లేదు. పెరుగు అద్భుతం. దోసకాయ, వెల్లుల్లి, అక్రోటు వేసి చల్లగా ఇచ్చే తరాతోర్ మన పెరుగుపచ్చడిని పల్చన చేసినట్టుంటుంది. అన్నం ఎక్కడా అడక్కండి.

జూన్ 3 దాకా ఉండేవాళ్ళు బుర్గాస్ రైలెక్కి, అక్కడి నుంచి కారులో స్ట్రాంజా కొండల్లోని బల్గారి గ్రామానికి వెళ్ళండి. ఆ రాత్రి క్రైస్తవ సాధువుల పటాలు పట్టుకుని నిప్పుల మీద వట్టికాళ్ళతో నడుస్తారు. నెస్తినార్స్త్వో అంటారు, 2009లో యునెస్కో జాబితాకెక్కింది. గుండం తొక్కడం చూసి పెరిగినవాళ్ళకు ఆ డోలు చప్పుడు కొత్తగా ఉండదు.

ఆఖరిది, కొమ్మ ముక్కలు తెచ్చుకోకండి. అనుమతి పత్రాలు లేకుండా మొక్కను దేశంలోకి తేవడం నేరం. తెచ్చినా దానికి గట్టి చలికాలం కావాలి, గోదావరి ఎండలకు ఆకు వేస్తుందేమో గానీ పువ్వు కష్టం. ఇదంతా నాన్నకు నాకంటే బాగా తెలుసు. అయినా విమానాశ్రయంలో సంచి సర్దుతుంటే తడి రుమాల్లో చుట్టిన జానెడు కొమ్మ దొరికింది, కొస ఏటవాలుగా, అంటుకు కోసినట్టే కోసి ఉంది. తీసి చెత్తబుట్టలో పడేశాను. మ్యూనిక్‌లో దిగేదాకా నాతో మాట్లాడలేదు.