చిన్న బోర్డుకు లినక్స్ ఎక్కించాలంటే: కొనేముందు చదవాల్సిన చిప్పులు

“అక్కా, ఈ బోర్డుకు ఉబుంటు ఎక్కుతుందా?” తిరుపతిలో నా దగ్గర సిస్టమ్ కట్టించుకునేదానికి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఇదే. ఉబుంటు అంటే విండోస్ బదులు వాడే లినక్స్‌లో ఒక రకం. ఇంటెల్, ఏఎండీ ప్రాసెసర్ ఉన్న బోర్డుకు దాదాపు ఎప్పుడూ ఎక్కుతుంది. ఎక్కినాక కేబుల్ పెడితే నెట్ వస్తుందా, వైఫై కనపడుతుందా, స్లీప్‌లో పెట్టిన సిస్టమ్ మళ్లీ లేస్తుందా, హెచ్‌డీఎంఐలో సౌండ్ వస్తుందా అన్నవి అడగాలి. వీటి జవాబులు బోర్డు మూలల్లో ఉండే చిన్న చిప్పులను బట్టి ఉంటాయి.

మినీ ఐటీఎక్స్ అనే చిన్న మదర్‌బోర్డు నిలువూ అడ్డం 17 సెంటీమీటర్లు. వయా కంపెనీ 2001లో తెచ్చిన కొలత ఇది, ఇప్పటికీ అదే నడుస్తోంది. పెద్ద ఏటీఎక్స్ బోర్డులో కేబుల్ నెట్ నడిపే ల్యాన్ చిప్ కుదరకపోతే ఖాళీ స్లాట్‌లో ఇంకో కార్డు గుచ్చి పని జరిపించుకోవచ్చు. చిన్న బోర్డులో మామూలుగా ఉండేది ఒక్కటే స్లాట్. సన్నటి రకాల్లో కొన్నిటికి అదీ ఉండదు. ప్రాసెసర్ కూడా బోర్డుకే అతికించి వచ్చేవి చాలా ఉన్నాయి. అందుకే ఈ సైజు బోర్డులకు కొనకముందు చూసుకోవడమే సగం పని.

ముందు తయారీదారు సైట్‌లో ఆ మోడల్ స్పెసిఫికేషన్ పేజీ తెరిచి ల్యాన్, వైర్‌లెస్, ఆడియో అని రాసిన వరసలు చదవండి. మోడల్ పేరు ఒకటే అయినా రివిజన్ మారినప్పుడు చిప్ మారిపోవచ్చు. బోర్డు అంచున చిన్న అక్షరాల్లో రివిజన్ నంబర్ ముద్రించి ఉంటుంది, దాంతో పోల్చుకోండి. బోర్డు చేతిలోనే ఉంటే ల్యాన్ పోర్టు వెనకాల ఉన్న నల్ల చిప్‌ను ఫోన్ కెమెరాతో దగ్గరగా ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. ఎండ్రకాయ బొమ్మ ఉంటే అది రియల్‌టెక్.

నేను ఎక్కువసేపు చూసేది ల్యాన్ చిప్‌నే. రియల్‌టెక్ 8111 అని ఉంటే, అది ఒక గిగాబిట్ చిప్, లినక్స్‌లో ఆర్8169 అనే డ్రైవర్ (చిప్‌ను నడిపే ప్రోగ్రామ్) తనంతట తానే పట్టుకుంటుంది. రెండున్నర గిగాబిట్ 8125 అయితే లినక్స్ మూల భాగమైన కెర్నెల్ 5.4 నుంచి అదే డ్రైవర్‌లో ఉంది. కానీ నంబర్ చివరి అక్షరం కూడా చదవాలి. 8125బీ అన్న రకానికి 5.9 కెర్నెల్ కావాలి. ఇంటెల్ ఐ225, ఐ226 చిప్పులకు ఐజీసీ డ్రైవర్. ఐ225 తొలి విడతల్లో హార్డ్‌వేర్‌లోనే లోపం ఉండేది, బీ3 విడతలో సరిచేశారు. పాత స్టాకులో ఐ225 బోర్డు కనపడితే ఆ విడత ఏదో అడగండి.

లినక్స్ కాకుండా బీఎస్‌డీ కుటుంబం సిస్టమ్‌లు వాడేవాళ్లకు రియల్‌టెక్ 8125 దగ్గర దారి చీలుతుంది. ఓపెన్‌బీఎస్‌డీలో 8125కు ఆర్‌జీఈ అనే డ్రైవర్ ఉంది. ఫ్రీబీఎస్‌డీ 14.0 ఇన్‌స్టాల్ చేస్తే మూల సిస్టమ్ దాన్ని గుర్తుపట్టదు, పోర్ట్స్ అనే అదనపు సాఫ్ట్‌వేర్ సేకరణలో ఉన్న రియల్‌టెక్ డ్రైవర్ మాడ్యూల్ విడిగా ఎక్కించాలి. దాన్ని దించుకోవాలంటే మళ్లీ నెట్ కావాలి! ఆ ప్యాకేజీని ముందే పెన్‌డ్రైవ్‌లో పెట్టుకోండి. చిన్న బోర్డుతో ఇంటికో ఆఫీసుకో ఫైర్‌వాల్ కట్టేవాళ్లకు నేను ఇంటెల్ ల్యాన్ ఉన్నదే చెప్తాను, కొంచెం ధర ఎక్కువైనా సరే.

వైఫై మాడ్యూల్ ఎం.2 అనే చిన్న స్లాట్‌లో ఉంటే మార్చుకోవచ్చు. ఒక్క సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఇంటెల్ ఏఎక్స్201, ఏఎక్స్211 అన్నవి ఇంటెల్ ప్రాసెసర్‌తో కలిసి సగం పని పంచుకునే రకం, ఏఎండీ బోర్డులో పెడితే పనిచేయవు. ఏఎక్స్210 మామూలు కార్డు, రెండింట్లోనూ నడుస్తుంది. దానికి కెర్నెల్ 5.10 ఉంటే చాలు. ఫర్మ్‌వేర్ (చిప్ లోపల నడిచే ప్రోగ్రామ్) బాధ కూడా చాలా తగ్గింది. ఉబుంటులాంటి ఇంకో లినక్స్ డెబియన్‌లో, 2023 జూన్ 10న వచ్చిన డెబియన్ 12 నుంచి వైఫై ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్‌లోనే ఉంటోంది. అంతకుముందు ఇన్‌స్టాల్ మధ్యలో ఫర్మ్‌వేర్ ఫైల్ అడిగేది, కొత్తవాళ్లు అక్కడే వదిలేసేవాళ్లు.

ఇప్పుడు సెకండ్ హ్యాండ్ బోర్డుల సంగతి. మన ఊరి నుంచి పొద్దున రైలెక్కి చెన్నై రిచీ స్ట్రీట్‌కు పోయి పాత బోర్డులు తెచ్చుకునేవాళ్లు ఉన్నారు. చౌకగా దొరుకుతాయి, తప్పేం లేదు. ఇంటెల్ ఆటమ్ అని రాసి ఉంటే మాత్రం ఆగి, పూర్తి నంబర్ చదవండి. డీ510 అయితే గ్రాఫిక్స్ ఇంటెల్ సొంతం, ఐ915 డ్రైవర్‌తో సాగుతుంది. డీ2500, డీ2700 అయితే లోపలి గ్రాఫిక్స్ పవర్‌వీఆర్ అనే రకం, వేరే కంపెనీది. లినక్స్‌లో తెరమీద బొమ్మ వస్తుంది, అంతవరకే. త్రీడీ యాక్సిలరేషన్ లేదు, వీడియో ముక్కలు ముక్కలుగా పోతుంది. తెర అవసరం లేని ఫైల్ సర్వర్‌కైతే తీసుకోండి, పిల్లలు పాఠాల వీడియోలు చూసే సిస్టమ్‌కు వద్దు. సెలెరాన్ జే1900 బోర్డులు లినక్స్‌లో ఉన్నట్టుండి బిగుసుకుపోవడం చాలాకాలం నడిచిన సమస్య. ప్రాసెసర్ లోతైన నిద్రలోకి పోకుండా సీ స్టేట్‌ను 1 దగ్గర ఆపే బూట్ ఆప్షన్ ఇస్తే ఆగుతుంది, కరెంటు కొంచెం ఎక్కువ తాగుతుంది.

కొత్తది కొనేవాళ్లకు, గ్రూప్స్‌కు చదివే పిల్లల స్టడీ హాళ్లకూ డీటీపీ సెంటర్లకూ నేను ఎక్కువగా చెప్పేది ఇంటెల్ ఎన్100 బోర్డు. 2023లో వచ్చింది, నాలుగు కోర్లు, 6 వాట్లు. డెబియన్ 12తో వచ్చే 6.1 కెర్నెల్‌కు గ్రాఫిక్స్ అందుతుంది. ర్యామ్ ఒక్క చానల్, ఇంటెల్ చెప్పే హద్దు 16 జీబీ. కొనేటప్పుడు ర్యామ్ ల్యాప్‌టాప్ రకమా, డెస్క్‌టాప్ రకమా చూడండి, రెండు రకాల బోర్డులూ ఉన్నాయి. కరెంటు కూడా అంతే. అస్‌రాక్ ఎన్100డీసీ ఐటీఎక్స్ లాంటిది 19 వోల్టుల ల్యాప్‌టాప్ అడాప్టర్‌తో నడుస్తుంది, మరికొన్నిటికి డెస్క్‌టాప్ పవర్ సప్లై, అంటే ఎస్‌ఎంపీఎస్ తప్పదు.

ఆర్మ్ ప్రాసెసర్ బోర్డులది వేరే లెక్క. అక్కడ ఒకే ఇమేజ్ అన్ని బోర్డుల్లో బూట్ కాదు, మామూలుగా బోర్డుకో డివైస్ ట్రీ, అంటే ఆ బోర్డులో ఏ చిప్ ఎక్కడుందో చెప్పే ఫైల్ కావాలి. ఆర్మ్ బోర్డుల కోసం చేసిన లినక్స్ ఆర్మ్‌బియన్ జాబితాలో మీ బోర్డు పేరు ఉందో లేదో చూసి అడుగేయండి.

పేర్లు చదవడం అయ్యాక చేతిపరీక్ష. మీరు వాడబోయే లినక్స్ రకం (డిస్ట్రో) ఇన్‌స్టాల్ చేయకుండానే బూట్ అయ్యే లైవ్ పెన్‌డ్రైవ్ జేబులో వేసుకుని అంగడికి పోండి. “సామీ, ఒక పది నిమిషాలు బోర్డు ఆన్ చేసి చూసుకుంటా” అని మర్యాదగా అడిగితే తిలక్ రోడ్డు అంగళ్లలో కాదనేవాళ్లు తక్కువ. బూట్ అయ్యాక టెర్మినల్ తెరిచి ఎల్‌ఎస్‌పీసీఐ అని చిన్న అక్షరాల్లో కొట్టి, ఖాళీ వదిలి, మైనస్ గుర్తు పెట్టి ఎన్ఎన్‌కే చేర్చండి. ఒక్కో చిప్ కింద, వాడుకలో ఉన్న డ్రైవర్ ఏదో చెప్పే వరస వస్తుంది. ల్యాన్, వైఫై, ఆడియోల కింద ఆ వరస లేకపోతే ఆ చిప్‌ను ఎవరూ పట్టుకోలేదని అర్థం. పక్కన చదరపు బ్రాకెట్లలో ఉండే నంబర్ రాసుకోండి. 10ఈసీ:8125 అంటే రియల్‌టెక్ రెండున్నర గిగాబిట్, 8086:125సీ అంటే ఇంటెల్ ఐ226వీ. ఈ నంబర్‌తో వెతికితే సరైన జవాబు దొరుకుతుంది, బోర్డు పేరుతో వెతికితే పది రకాల మాటలు వస్తాయి. తర్వాత డీఎంఈఎస్‌జీ కమాండ్‌లో ఫర్మ్‌వేర్ దొరకలేదన్న వరసలు ఉన్నాయేమో చూడండి. స్లీప్‌లో పెట్టి లేపండి. లేచాక నెట్ మళ్లీ వస్తోందా చూడండి. చాలామంది చూడకుండా వదిలేసేది ఇదే.

ఇన్‌స్టాలర్‌కు ఎన్‌వీఎంఈ డిస్క్ కనపడకపోతే డిస్క్ పోయిందని భయపడొద్దు. బయోస్‌లో స్టోరేజ్ ఆర్‌ఎస్‌టీ లేదా వీఎండీ అనే ఇంటెల్ మోడ్‌లో ఉంటే మామూలు ఏహెచ్‌సీఐ మోడ్‌కు మార్చండి. అదే డిస్క్‌లో విండోస్ ఉంటే ఈ మార్పు తర్వాత అది బూట్ కాకపోవచ్చు, ముందు డేటా తీసి పెట్టుకోండి. అదే బయోస్‌లో కరెంటు పోయి వచ్చినప్పుడు ఏం చేయాలన్న ఆప్షన్‌ను పవర్ ఆన్‌కు పెట్టండి. ఎండాకాలం కరెంటు కోతల్లో సర్వర్ దానంతట అదే లేవాలి కదా.

ఫ్యాన్ లేని బోర్డుకు మే నెల తిరుపతి మధ్యాహ్నమే అసలు పరీక్ష. వేడిని చూపించే ఎల్‌ఎం సెన్సర్స్ ప్యాకేజీ వేసి సెన్సర్స్ డిటెక్ట్ నడపండి. బోర్డు మీది సెన్సర్ చిప్ న్యూవోటన్ కంపెనీదైతే ఎన్‌సీటీ6775, ఐటీఈ కంపెనీదైతే ఐటీ87 డ్రైవర్. రెండూ దొరక్కపోయినా ఇంటెల్ ప్రాసెసర్ వేడి కోర్‌టెంప్ డ్రైవర్ చూపిస్తుంది, దాన్ని గమనించండి. క్యాబినెట్ గోడకు ఆనించకుండా పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలప్పుడు ఏదైనా పెద్ద వీడియో నడిపించి చూశాకే నేను సిస్టమ్ అప్పజెప్పుతాను. బిల్లు మీద మోడల్ పేరుతో పాటు రివిజన్ నంబర్ కూడా రాయించుకోండి. అదే బోర్డు ఇంకోటి కావాల్సి వచ్చినప్పుడు అంగడివాళ్లకు చూపించాల్సింది అదే.