సముద్రపు మంచు మోడల్‌ను రన్ చేసే ముందు

అనంతపురంలో కూర్చుని ఆర్కిటిక్ మీద ప్రాజెక్టు చేసే పిల్లలకు మంచుగడ్డను తాకి చూసే వీలు లేదు. ఇన్‌పుట్ ఫైలే మన కళ్లు. అందుకే ఇవి చూసుకోండి.

ముందు యూనిట్లు. మనం వాడే మోడల్ ఎస్‌ఎమ్‌ఆర్‌టీ, హిమం, మంచుగడ్డల నుంచి వచ్చే మైక్రోవేవ్ సంకేతాన్ని లెక్కగట్టే ప్రోగ్రామ్. ఎస్‌ఎమ్‌ఆర్‌టీకి మందం మీటర్లలో, ఉష్ణోగ్రత కెల్విన్‌లో, ఫ్రీక్వెన్సీ హెర్ట్జ్‌లో ఇవ్వాలి. ఉప్పు వెయ్యికి 8 పాళ్లుంటే 0.008 అని రాయాలి.

అన్నిటికన్నా ముఖ్యం గడ్డ పైభాగపు ఉష్ణోగ్రత. గాలి −30 డిగ్రీలుంటే గడ్డకూ అదే వేసేస్తారు, అది తప్పు. కింద సముద్రం సుమారు −1.8 దగ్గర ఉంటుంది, పైన కురిసిన హిమం కంబళిలా కప్పి ఉంటుంది. కాబట్టి హిమం, గడ్డ కలిసేచోట గాలికన్నా బాగా వెచ్చగా ఉంటుంది. అక్కడ ఎంత వెచ్చనైతే గడ్డలో అంత ఎక్కువ ఉప్పునీరు ద్రవంగా మిగులుతుంది, మైక్రోవేవ్‌ను పీల్చేది అదే.

హిమపు రేణువుల సైజు ఊహించి వేయొద్దు. 6.9 గిగాహెర్ట్జ్‌లో పెద్దగా తేడా కనిపించదు గానీ, 36.5, 89లో రేణువుల వల్ల మైక్రోవేవ్ చెదరడం బాగా పెరిగి ఫలితం తారుమారవుతుంది. భూతద్దంలో కొలిచిన వ్యాసం, మోడల్ అడిగే కోరిలేషన్ లెంగ్త్ (హిమపు సూక్ష్మ నిర్మాణాన్ని తెలిపే పొడవు కొలత) ఒకటి కావు.

పాత గడ్డకు (వేసవిలో కరగకుండా మిగిలినదానికి) కొత్తగడ్డ ఫైల్ వాడొద్దు. దాని పైభాగంలో ఉప్పు కారిపోయి గాలి బుడగలు మిగులుతాయి.

ఉపగ్రహం మీది మైక్రోవేవ్ సెన్సర్ ఏఎమ్‌ఎస్‌ఆర్2 కొలతలతో పోల్చేటట్లయితే, అది నేలను చూసే కోణం 55 డిగ్రీలు అని వేయాలి. హిమం కరగడం మొదలైన రోజుల డేటాను వేరుగా పెట్టండి, కొద్దిపాటి తడి కూడా కింది సంకేతాన్ని కప్పేస్తుంది.