మీ వీధికి కొత్త రోడ్డు వస్తోందా? టిఫిన్ బండ్లు పోకుండా, నీళ్ళు నిలవకుండా చూసుకోవడం ఎలా

వీధిలో సున్నం గీతలు పడ్డాయంటే మీకు ఉన్న టైము పొక్లెయిను వచ్చేదాకానే. డ్రైను గోడకి కాంక్రీటు పోసేశాక ఎవరు ఎంత మొత్తుకున్నా అది కదలదు. మా వీధి పై సగంలో మాకు ఇదే జరిగింది. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త సీసీ వేశారు, డ్రైను స్లాబు అంతకంటే ఎత్తుగా పోశారు. మొదటి వానకే టిఫిన్ హోటల్ వంటగదిలోకి చీలమండ లోతు నీళ్ళు వచ్చాయి. హోటళ్ళ వాళ్ళు గుమ్మం అందక ఇనప ర్యాంపులు రోడ్డు మీదకి పెట్టుకున్నారు, ఆ ర్యాంపుల పక్కన బళ్ళు ఆపుతున్నారు, నడిచేవాళ్ళు నడిరోడ్డు మీదకి వచ్చేశారు. కింద సగానికి పని వచ్చేసరికి మాత్రం అందరం ముందే కూర్చున్నాం. అప్పుడు ఏం చేశామో, ఏది పనిచేసిందో రాస్తున్నాను. భీమవరమైనా, అమలాపురమైనా, పాలకొల్లైనా మన డెల్టా టౌన్లలో బాధ దాదాపు ఒకటే.

ముందు ఎత్తు సంగతి చూడండి, మిగతావన్నీ దాని తర్వాతే. మన నేల పళ్ళెంలా ఉంటుంది, వాలు చాలా తక్కువ. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక వచ్చిన పంట కాలువలు మెరక మీద నడుస్తాయి, మురుగు కాలువలు పల్లంలో నడుస్తాయి. మన వీధి నీళ్ళు చివరికి ఆ మురుగు కాలువకే చేరాలి, భీమవరంలో యనమదుర్రు డ్రైను లాగా. అక్టోబరు, నవంబరు వాయుగుండాలప్పుడు ఆ డ్రైన్లే నిండుగా ఉంటాయి కాబట్టి వీధిలో నీళ్ళు అసలే నెమ్మదిగా లాగుతాయి, దానికి తోడు మనం రెండంగుళాల వాలు తప్పితే ఇక అంతే.

దీనికి ఇంజినీరింగ్ చదవక్కర్లేదు. ఒక మేస్త్రీని పిలవండి, ఆయన దగ్గర నీళ్ళు నింపిన లెవెల్ పైపు ఉంటుంది. ఒక కొస వీధి మొదట్లో గోడకి ఆనించి, రెండో కొస కల్వర్టు దాకా అంచెలంచెలుగా తీసుకెళ్ళి, ప్రతి షాపు గోడ మీదా ఒకే మట్టానికి బొగ్గుతో గీత పెట్టించండి. ఆ గీత నుంచి కిందకి గుమ్మం ఎంత, ఇప్పుడున్న రోడ్డు ఎంత, డ్రైను అడుగు ఎంత, మూడూ కొలిచి నోటుబుక్కులో రాసుకోండి. మేం ఇది ఒక ఆదివారం పొద్దున్న మూడు గంటల్లో చేశాం. కొలిచాకే తెలిసింది, మా డ్రైను మధ్యలో ఒకచోట అడుగు మట్టం కల్వర్టు కన్నా కిందకి ఉందని, అంటే నీళ్ళు అక్కడే ఆగిపోతున్నాయని. ఆ కాగితం చూపించాకే మునిసిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు స్వయంగా వచ్చి చూశారు.

అడగాల్సింది ఒక్కటే: పాత రోడ్డుని తవ్వి తీసేసి, గుమ్మాల కంటే కిందే కొత్తది వెయ్యమని. తారు రోడ్డయితే పైపొరను మిల్లింగ్ మెషీన్‌తో గీకేసి వెయ్యొచ్చు. ఎస్టిమేట్ కాపీ, డ్రాయింగ్ కావాలని మునిసిపల్ ఆఫీసులో రాసివ్వండి. ఇవ్వకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగండి, 30 రోజుల్లో జవాబు రావాలి. కానీ 30 రోజులు ఆగితే పని అయిపోవచ్చు, అందుకే మొదటి రోజే పెట్టేయండి.

ఇక వెడల్పు. సుద్దముక్క, టేపు పట్టుకుని పొద్దున్న ఆరింటికి వెళ్ళండి, మళ్ళీ సాయంత్రం ఏడింటికి వెళ్ళండి, ఎందుకంటే పొద్దున ఇడ్లీ వీధి వేరు, రాత్రి బిర్యానీ వీధి వేరు. ఎవరు ఎక్కడ నిలబడి తింటున్నారో, బళ్ళు ఎక్కడ ఆపుతున్నారో, స్కూలు పిల్లల సైకిళ్ళు ఎటు వెళ్తున్నాయో నేల మీద గీయండి. రోడ్ల ప్రమాణాలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ళ ఐఆర్‌సీ 103 ప్రకారం నడవడానికి అడ్డం లేని ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్లు, అంటే ఆరడుగులు ఉండాలి, షాపులున్న చోట ఇంకా ఎక్కువ ఉండాలి. ఫుట్‌పాత్ ఎత్తు 15 సెంటీమీటర్లు దాటకూడదు. ఈ రెండు అంకెలూ అర్జీలో రాయండి, మాట బరువు మారుతుంది.

మా వీధి గోడ నుంచి గోడకి 40 అడుగులు. బళ్ళకి 20 అడుగులు వదిలాం. రెండు పక్కలా డ్రైను మీదే ఆరేసి అడుగుల ఫుట్‌పాత్. మిగిలిన 8 అడుగులూ ఒకే పక్కకి తీసుకుని అందులో చెట్లు, బైకులు, టిఫిన్ బండ్లు వరసగా సర్దాం. నాలుగడుగుల బండి పెడితే తినేవాళ్ళు నిలబడడానికి ఇంకో నాలుగడుగులు ఉంటాయి, ఫుట్‌పాత్ మీదకి రానక్కర్లేదు. హోటల్ వాళ్ళు మొదట ఒప్పుకోలేదు, గుమ్మం ముందు కార్లు ఆగకపోతే బేరం పోతుందని. రెండు రోజులు సుద్ద గీతల మీదే అందరం అలా నడిపి చూపించాం, అప్పటికి ఒప్పుకున్నారు.

బండి వాళ్ళని ఈ లెక్కలోకి మొదటి రోజే తీసుకురండి. మా మూల మీద నిద్రగన్నేరు చెట్టు కింద ఒక మామ్మగారు దిబ్బరొట్టెలు వేస్తారు. మూకుట్లో పిండి పోసి, మూత మీద కొబ్బరి డొక్కల నిప్పులు పెట్టి, రెండు పక్కలా ఎర్రగా కాలేదాకా కదపరు, చెరుకు పానకంతో ఇస్తారు. మీకెంత స్థలం కావాలని అడిగితే, "నాలుగడుగులు చాలు బాబూ, ఆ చెట్టు నీడ మట్టుకు తియ్యనివ్వకండి" అన్నారు. అప్పటిదాకా మా గీతల్లో చెట్టు లేదు. నిజానికి డ్రాయింగ్‌లో ఆ చెట్టు కొట్టేసే లెక్కలోనే ఉంది.

బండ్ల వాళ్ళకి 2014 వీధి విక్రేతల చట్టం ఉంది, ఇది చాలామందికి తెలియదు. విక్రేతల సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. చేయించాలన్నా 30 రోజుల నోటీసు ఇవ్వాలి. సామాను పట్టుకెళ్తే పాడైపోయే సరుకు అదే రోజు, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. మునిసిపల్ కమిషనర్ అధ్యక్షతన టౌన్ వెండింగ్ కమిటీ ఉండాలి, అందులో కనీసం 40 శాతం మంది విక్రేతలే, వాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు. విక్రేత గుర్తింపు కార్డు లేనివాళ్ళని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్ళ దగ్గరికి మీరే తీసుకెళ్ళండి, ఒక్కరే వెళ్ళమంటే బేరం వదులుకుని వెళ్ళరు. వీధి విక్రేతల కోసం ఉన్న పీఎం స్వనిధి లోన్‌కి కూడా ఆ కార్డు పనికొస్తుంది.

హోటళ్ళ వాళ్ళతో గట్టిగా మాట్లాడాల్సింది జిడ్డు గురించి. అంట్లు కడిగిన నూనె నీళ్ళు తిన్నగా డ్రైన్లో వదిలితే, అది చల్లారి గోడలకి పేరుకుని, పైన స్లాబు మూసేశాక ఎవరికీ కనబడకుండా గట్టిపడుతుంది. స్లాబు పోయకముందే ప్రతి హోటలూ సింకు గొట్టానికి, డ్రైనుకి మధ్య రెండు గదుల ఇటుక తొట్టి కట్టించుకోవాలి. జిడ్డు మొదటి గదిలో పైకి తేలుతుంది, కింద నుంచి నీళ్ళు రెండో గదికి వెళ్తాయి. తేలినదాన్ని రెండు రోజులకోసారి తీసెయ్యాలి. వాడిన నూనెని అసలు డ్రైన్లో పోయకూడదు. టోటల్ పోలార్ కాంపౌండ్స్ (నూనె పదేపదే కాగితే పెరిగే పదార్థాలు) 25 శాతం దాటిన నూనెని మళ్ళీ వంటకి వాడకూడదని 2018 జులై నుంచి రూలు ఉంది, దాన్ని కొనుక్కుని బయోడీజిల్‌కి పంపేవాళ్ళూ ఉన్నారు. డ్రైను మూతలు మాత్రం మనుషులు ఎత్తగలిగేవి, దగ్గర దగ్గరగా పెట్టమనండి. పై సగంలో అతుకు లేకుండా పోసిన స్లాబుని పూడిక తీయడానికి తర్వాత బద్దలుకొట్టాల్సి వచ్చింది.

పని ఎప్పుడు చేయించుకోవాలంటే, వేసవిలో కాలువలు కట్టేసినప్పుడే. వానల్లో మొదలుపెడితే మన బంకమట్టి గోతులు నీళ్ళతోనే నిండి ఉంటాయి, సంక్రాంతి ముందు పెడితే హోటళ్ళ వాళ్ళు ఏడాది బేరం పోగొట్టుకుంటారు. కాంక్రీటుకి పూర్తి బలం రావడానికి 28 రోజులు పడుతుంది కాబట్టి రోడ్డుని సగం సగంగా వెయ్యమనండి, ఒక పక్క తెరిచి ఉంటే పొయ్యి ఆరదు. తవ్విన పక్కన గుమ్మాలకి చెక్కలు వెయ్యడం కాంట్రాక్టరు పనే, అడిగితే వేశారు.

అర్జీ ఒక్కటే రాయండి, సంతకాలు మాత్రం హోటళ్ళ వాళ్ళవీ, బండ్ల వాళ్ళవీ, ఇళ్ళ వాళ్ళవీ కలిపి ఉండాలి. కొలతల కాగితం జతచేసి వార్డు సచివాలయంలో ఒకటి, సోమవారం గ్రీవెన్స్‌లో ఒకటి ఇచ్చి రెండింటికీ రసీదు తీసుకోండి. పని అయ్యాక మొదటి పెద్ద వానకి గొడుగు వేసుకుని వీధంతా తిరగండి. వాన వెలిసిన గంటకి కూడా నీళ్ళు ఎక్కడ నిలిచాయో, ఏ గుమ్మం ముందో, తేదీ కనబడేలా ఫొటోలు తీసి రాతపూర్వకంగా ఇవ్వండి. కాంట్రాక్టరు ఎంతకాలం బాగుచేసివ్వాలో అగ్రిమెంట్‌లో రాసి ఉంటుంది, ఆ గడువు లోపలే ఇవ్వాలి. మేం ఇచ్చిన ఫొటోల్లో మూడు చోట్ల వాలు సరిచేశారు, నాలుగోది కల్వర్టు దగ్గర ఇంకా ఉంది, దానికి రెండో అర్జీ పోయిన సోమవారమే పెట్టాం.